నాన్న క్లిక్ త్రీ కెమెరాలో సగం వాడిన రీలు ఉండిపోయింది, ఎర్ర కిటికీలో 8 కనబడుతోంది. ఏం చేయాలి?

తెనాలి_1976

అందరికీ నమస్కారం. కెమెరాల గురించి నాకు ఓనమాలు కూడా రావు. తెలిసినవాళ్లు చెబుతారని రాస్తున్నాను.

అమ్మని హైదరాబాదు మా దగ్గరికి తెచ్చుకుందామని పోయిన నెల తెనాలిలో ఇల్లు ఖాళీ చేశాం. నాన్న పోయి మూడేళ్లయింది. అటక మీద ఆయన ట్రంకు పెట్టె ఒకటుంది. పైన ఇన్సూరెన్స్ కాగితాలు, నా ఐదో తరగతి ప్రోగ్రెస్ కార్డు, కుట్టు ఊడిపోయిన రెండు లెక్కల గైడ్లు ఉన్నాయి. వాటి కింద పాత పంచె ముక్కలో చుట్టి కెమెరా. ఆగ్ఫా క్లిక్ త్రీ. కవరు పట్టీ ముట్టుకుంటే పెచ్చులుగా రాలుతోంది గానీ కెమెరా ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది. ఆత్రం ఆపుకోలేక మీట నొక్కితే టిక్కుమంది కూడా.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఈ కెమెరా మీద ఆయనకి ఎంత ప్రాణమంటే, మా ఇంట్లో ఎవ్వరూ ముట్టుకోవడానికి వీల్లేదు. ఫోటో తీసే ముందు అడుగులు కొలిచేవాడు. నిజంగానే మా ముందు నిలబడి, వెనక్కి తిరిగి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ నడిచి, అక్కడి నుంచి తీసేవాడు. రీలుకి పన్నెండే కాబట్టి ఒక్కో రీలు ఏడాది పాటు నడిచేది. తర్వాత మా బాబాయి మస్కట్ నుంచి యాషికా కెమెరా తెచ్చాడు. ఇంట్లోకి కలరు వచ్చేసరికి దీన్ని పెట్టెలో పెట్టేశారు.

సంగతేమిటంటే, కెమెరా వెనక ఎన్నో ఫోటోయో చూపించే చిన్న ఎర్ర కిటికీలోంచి చూస్తే 8 అంకె కనబడుతోంది. అంటే రీలు ఇంకా లోపలే ఉంది. నా లెక్క ప్రకారం అది 1983 నాటిది. ఆ బొమ్మలు ఇప్పటికీ బతికుంటాయా? రీలు ఎలా బయటికి తీయాలి, ఎవరికివ్వాలి? మా వీధి చివర ఫోటో షాపులో అడిగితే కుర్రాడు కెమెరాని అటూ ఇటూ తిప్పి చూసి "మెమరీ కార్డు ఎక్కడ సార్" అన్నాడు.

ఫిల్మ్‌పిచ్చోడు

అన్నా, ముందు ఒక్కటే. మూత తెరవకండి! ఎర్ర కిటికీ మీద ఇప్పుడే నల్ల ఇన్సులేషన్ టేపు అంటించేయండి. జాగ్రత్త మంచిదే.

నేను మూడేళ్లుగా ఫిల్మ్ మీదే తీస్తున్నా. పెంటాక్స్ కె1000, సెకండ్‌హ్యాండ్. ఇంట్లో బాత్రూమ్‌లోనే కడుగుతా. మాదీ హైదరాబాదే, ఉప్పల్. మీకు అభ్యంతరం లేకపోతే నేనే కడిగి పెడతా, డబ్బులేమీ వద్దు. నలభై ఏళ్ల నాటి రీలు కడిగే ఛాన్స్ నాకు మళ్లీ రాదు.

బ్లాక్ అండ్ వైట్ అయితే ఆశ ఉంది. కలరు అయితే రంగులు పోయి ఉంటాయి, దాన్ని కూడా బ్లాక్ అండ్ వైట్ మందులోనే కడగడం మేలు. రీలుకి వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తుంటే మాత్రం కష్టం, ఫిల్మ్ ప్లాస్టిక్కే కుళ్లిపోతోందని అర్థం. మీరు మెల్లిగా రివైండ్ చేసి తీసేసి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి తెండి.

మాచర్ల_పాతస్టూడియో

తెనాలి బాబుకి నమస్కారం. మాచర్లలో 1974 నుంచి 2006 దాకా స్టూడియో నడిపాను. ఇప్పుడు ఆ కొట్లో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నాకు కళ్లు సరిగ్గా ఆనవు కాబట్టి నోటితో చెబుతుంటే ఫోనే రాసుకుంటోంది. తప్పులుంటే దాన్ని తిట్టుకోండి.

ముందు ఆ అబ్బాయి చెప్పినదాంట్లో ఒకటి దిద్దాలి. రివైండ్ అనేది డబ్బాలో వచ్చే 35 ఎంఎం రీళ్ల వ్యవహారం. క్లిక్‌లో పడేది 120 రీలు. దానికి డబ్బా ఉండదు. ఫిల్మ్ వెనకాల నల్ల కాగితం ఉంటుంది, రెండూ కలిసి ఈ స్పూలు మీంచి ఆ స్పూలు మీదకి ఎక్కుతాయి, అంతే. వెనక్కి తిప్పే ఏర్పాటే లేదు. మీరు చేయాల్సింది ముందుకి తిప్పడం. రాత్రిపూట, లైటు ఆర్పి, పక్కగది వెలుతురులో కూర్చుని పైనున్న చక్రాన్ని మెల్లగా తిప్పండి. నలభై ఏళ్లు ఒకే వంపులో ఉన్న ఫిల్మ్ కాబట్టి బిగుసుకుపోయి ఉంటుంది, విసురుగా తిప్పితే చిరుగుతుంది. 9, 10, 11, 12 దాటాక కాసేపటికి చేతికి బిగువు పోయి చక్రం వదులుగా తిరుగుతుంది. అప్పుడు మూత తీసి, చుట్ట వదులవకుండా రెండు వేళ్లతో నొక్కిపట్టి, కాగితం చివర టేపు వేసేయండి. ఖాళీ అయిన స్పూలు పారేయకండి. మళ్లీ రీలు వేసుకోవాలంటే అదే కావాలి.

ఇంకో మాట. మీట నొక్కితే టిక్కుమందన్నారు. ఎక్కడ నొక్కారు బాబూ? ఎండలోనా, ఇంట్లోనా? క్లిక్‌లో రీలు తిప్పే చక్రానికీ మీటకీ సంబంధం లేదు. తిప్పకుండా పదిసార్లు నొక్కినా నొక్కనిస్తుంది, పది బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. మా దగ్గరికి వచ్చే క్లిక్ రీళ్లలో నాలుగింటికొకదాంట్లో ఇలాంటి జంట బొమ్మ ఉండేది. పెళ్లికూతురి మొహంలోంచి అరటిచెట్టు మొలిచేది. అది మేము కడగడంలో తప్పని తగాదాకొచ్చేవాళ్లు. నెగటివ్ చేతికిచ్చి కిటికీ దగ్గర నిలబెట్టి చూపించినా నమ్మేవాళ్లు కాదు.

మీ నాన్నగారు అడుగులు కొలిచేవారని రాశారు చూడండి, అది చదివి ముచ్చటేసింది. ఆ కెమెరాలో దూరం సరిచేసుకునే వీల్లేదు. లెన్సు అద్దం ఒకచోట బిగించేసి ఉంటుంది. పది అడుగుల అవతల ఉన్నదంతా బాగానే వస్తుంది. దగ్గరికొస్తే మసకే. లెక్కల మాస్టారు కాబట్టి పట్టుకున్నారు, వంద మందిలో తొంభై మంది పట్టుకోలేదు. పసిపిల్ల మొహం దగ్గరగా తీద్దామని మూడడుగుల దూరంలో పెట్టి నొక్కి, మసగ్గా వచ్చిందని మా మీద అలిగేవాళ్లు.

షట్టరు వేగం కూడా అంతే, ఒక్కటే. సెకండులో యాభయ్యో వంతు, అటూ ఇటుగా. ఎండ బొమ్మ, మబ్బు బొమ్మ ఉన్న చిన్న మీటని అటూ ఇటూ జరపడం తప్ప మన చేతిలో ఏమీ లేదు. అందుకని ఎండలో నిలబెట్టాలి, సూర్యుడు తీసేవాడి వీపు మీద ఉండాలి, ఎదురుగా ఉన్నవాళ్లు కదలకూడదు. మీ ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే తెరవండి. అందరూ నిలువెత్తున, బిగుసుకుపోయి, కళ్లు చికిలించుకుని, ఇంటి ముందు వరసగా నిలబడి ఉంటారు. ఈ మధ్య పిల్లలు వాటిని చూసి "అప్పట్లో ఎవరూ నవ్వేవాళ్లు కాదా తాతయ్యా" అని అడుగుతున్నారు. నవ్వేవాళ్లు నాయనా. పది అడుగుల దూరం, మొహం మీద మిట్టమధ్యాహ్నపు ఎండ, కదిలితే ఫోటో పోతుందని తీసేవాడి కేకలు. నువ్వు నిలబడి నవ్వు చూద్దాం. ఆ బిగుసుకుపోవడం మనుషులది కాదు, కెమెరాది.

మాకు నాగార్జునసాగర్ పక్కనే కాబట్టి చలికాలం వస్తే ఎక్స్‌కర్షన్ బస్సులు మా ఊరి మీదుగానే పోయేవి. డ్యాము, లాంచీలో నాగార్జునకొండ, వచ్చేటప్పుడు ఎత్తిపోతల. బస్సుకొక మాస్టారు, మాస్టారికొక క్లిక్ త్రీ. మా కొట్టు ముందు బస్సు ఆపి రీళ్లు కొనుక్కునేవాళ్లు, తిప్పడం పట్టేసిందని మా చేతికిచ్చేవాళ్లు. నల్లగుడ్డ సంచిలో చేతులు పెట్టి ఎన్ని రీళ్లు సర్దానో లెక్కలేదు. మేము అమ్మింది ఎక్కువగా ఓర్వో, లేకపోతే ఊటీలో మన ప్రభుత్వ ఫ్యాక్టరీ తీసిన ఇందు. ఓర్వో తూర్పు జర్మనీ సరుకు. తమాషా ఏమిటంటే అది తయారయ్యే వోల్ఫెన్ ఫ్యాక్టరీ యుద్ధానికి ముందు ఆగ్ఫా వాళ్లదే. దేశం రెండుగా చీలాక ఆగ్ఫా పేరు పడమటి వైపు ఉండిపోయింది, 1964లో తూర్పు వాళ్లు ఓర్వో అని కొత్త పేరు పెట్టుకున్నారు. బరోడాలో బిగించిన ఆగ్ఫా కెమెరాలో ఓర్వో రీలు వేసి మాచర్లలో అమ్మినప్పుడు, విడిపోయిన అన్నదమ్ములు మా కొట్లో కలిసినట్టే.

కడిగాక పెద్ద సైజు ఎవరూ అడిగేవాళ్లు కాదు. నెగటివ్‌ని బ్రోమైడ్ కాగితం మీద అలాగే అద్ది కాంటాక్టు ప్రింట్లు వేసేవాళ్లం. రెండుంబావు అంగుళాల చదరం బొమ్మ, చుట్టూ తెల్ల అంచు. అందులో బాగున్నదాన్ని ఒకటో రెండో పోస్టుకార్డు సైజు చేయించుకునేవాళ్లు.

ఇక కడగడం గురించి. నా అనుభవంలో రీళ్లు పాడయ్యేది కెమెరాలో కాదు, మా చేతుల్లో. రెంటచింతల ఎండల గురించి వినే ఉంటారు, మాది దాని పక్కనే. డెవలపర్, అంటే బొమ్మని పైకి తేల్చే మందు, 20 డిగ్రీల్లో ఉండాలని పుస్తకం చెబుతుంది. మే నెలలో మా తొట్టిలో నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమనేవి. మట్టి కూజాల్లో రాత్రంతా నీళ్లు పెట్టి, ట్రేలో ఐసు ముక్కలేసి, తెల్లవారుజామున కడిగేవాణ్ణి. ఒకసారి ఐసు బండి రాలేదు. పెళ్లివాళ్లు సాయంత్రం బస్సుకి పోతామని కొట్టు మెట్ల మీద కూర్చున్నారు. ఏమవుతుందిలే అని నాలుగో రీలు తొట్టినీళ్లతోనే కడిగాను. హైపోలోంచి, అంటే బొమ్మని నిలబెట్టే మందులోంచి, తీసి ఆరేద్దామని పట్టుకుంటే బొమ్మ మీగడలాగా జారి నా బొటనవేలికి అంటుకుంది. వట్టి పారదర్శకమైన ప్లాస్టిక్కు నా చేతిలో మిగిలింది. తలంబ్రాల రీలు అది. ఆ తర్వాత హైపోలో పటిక కలపకుండా ఏ ఎండాకాలమూ ఒక్క రీలు కడగలేదు. పటిక ఆ పొరని గట్టిపరుస్తుంది.

ఉప్పల్ అబ్బాయికి నా సలహా. ఆ రీలు కడిగే ముందు చివర కొంచెం కత్తిరించి చూడు. 8 దాకానే తీశారు కాబట్టి 9 నుంచి 12 ఖాళీ. పూర్తిగా చుట్టాక పైచుట్టలో ఉండేది ఆ ఖాళీ భాగమే. కటిక చీకట్లో రెండంగుళాలు కత్తిరించి, అందులో సగానికి ఒక్క క్షణం వెలుతురు చూపించి, సగాన్ని దాచి కడుగు. రెండు సగాలకీ తేడా తెలిస్తే బొమ్మ వస్తుంది. రెండూ ఒకే బూడిదరంగులో వస్తే దండం పెట్టి వదిలెయ్.

డెవలపర్‌కి డి-76 అనే మందు చాలు. కొన్న పొడి దొరక్కపోతే లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. ముందు చిటికెడు సల్ఫైట్ వేసి ఆ తర్వాత మెటాల్ వెయ్యి. సల్ఫైట్ మొత్తం ముందే పోస్తే మెటాల్ కరగదు, ఇసకలాగా అడుగున కూర్చుంటుంది. రెండు గ్రాములు తూయడానికి నేను కంసాలి దగ్గర పాత త్రాసు కొనుక్కున్నాను. పాత రీళ్లకి పొగ, అంటే బొమ్మని కప్పేసే బూడిదరంగు, ఎక్కువ ఉంటుంది కాబట్టి పొటాషియం బ్రోమైడ్ కొంచెం కలుపు. మరీ ఎక్కువ సేపు ఉంచకు, బొమ్మతోపాటు పొగ కూడా పెరుగుతుంది. చేతికి తొడుగులు వేసుకో. మెటాల్ పడని వాళ్లకి వేళ్ల సందుల్లో దురదలు పుడతాయి. నా గోళ్లు రిటైరయ్యాక గానీ తెల్లబడలేదు.

మెట్‌పల్లి_బిడ్డ

స్టూడియో తాత చెప్పింది చదువుతుంటె మా ఇంట్ల సంగతి యాదికొచ్చింది. అడిగినదానికి జవాబు కాదు గని చెప్త.

మా బాపు దుబాయి పోయిండు. 1987ల మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు యాషికా తెచ్చిండు, రెండు కలరు రీళ్లు తెచ్చిండు. ఫ్లాషు మీదికి లేస్తది కదా, అది చూడనీకె వాడ మొత్తం వచ్చింది. బాపు సెలవు అయిపోయి మళ్ల పొయ్యేముందు మా అక్క పెండ్లి చేసిండ్రు. పెండ్లికి ఫోటోలు మా చిన్నమామ తీసిండు. పొద్దుగాల పందిరి కాడ మొదలువెట్టి అప్పగింతల దాక ముప్పై ఆరు తీసిండు.

అయినంక రీలు వెనుకకు తిప్పాలె అని ఎవ్వలకు ఎర్కలేదు. ఇంకెన్ని మిగిలినయో చూద్దామని వాకిట్ల, ఎండల, డోరు తెరిచిండు. తెరిచి, అందరికి చూపిచ్చి, మళ్ల మూసిండు. జగిత్యాలల ఇస్తె కడిగినాయన మొత్తం నల్లగైందమ్మ అన్నడు. కని లోపలి చుట్టలు ఐదు బతికినయి. చుట్టల లోపల ఉండేటియి మొదలు తీసినయే కదా. అట్ల మా అక్క పెండ్లి అంటె మాకున్నయి ఐదే ఫోటోలు: పందిరి వేస్తున్న ముగ్గురు మనుషులు, మామిడాకుల కట్ట, గంజుల కాడ వంటాయన, మా కుక్క, ఇంక మామ బొటనవేలు.

అక్కకు ఇప్పుడు మనుమండ్లు. ఆ ఫోటోలల్ల వంటాయన నవ్వుతున్న ఫోటో ఫ్రేమ్ కట్టిచ్చి పెట్టుకున్నది. ఎవలు ఈయన అని వచ్చినోళ్లు అడిగితె మా పెండ్లి ఫోటో అంటది.

తెనాలి_1976

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మాస్టారూ, మీట నొక్కింది అటక మీదే. సాయంత్రం, అక్కడ బల్బు కూడా లేదు. పర్వాలేదా?

మీరు చెప్పినట్టే రాత్రి లైటార్పి తిప్పాను. 12 తర్వాత నిజంగానే చేతికి వదులు తెలిసింది. నా జీవితంలో ఇంత మెల్లగా ఏ పనీ చేయలేదు. కాగితం చివర ఓర్వో అని, ఎన్‌పి 22 అని ఉంది. పుల్లటి వాసనేం లేదు, నాన్న పెట్టె వాసనే. ఆదివారం ఉప్పల్ వెళ్లి ఇచ్చొస్తాను.

మాచర్ల_పాతస్టూడియో

ఆ చీకట్లో పర్వాలేదు. ఎన్‌పి 22 అంటే వెలుతురుని పట్టే శక్తి 125 ఏఎస్ఏ, దానికి అటక మీద వెలుతురు ఏం సరిపోతుంది. పైగా వయసు మీరిన రీలు, నాలాగే దానికీ చూపు తగ్గి ఉంటుంది.

ఫిల్మ్‌పిచ్చోడు

చివర కత్తిరించి చూశాను. దాచిన సగం బూడిదరంగు, వెలుతురు చూపించిన సగం నల్లగా. తేడా బాగానే ఉంది! మిగతాది వచ్చే ఆదివారం కడుగుతా. తాతగారూ, రివైండ్ విషయంలో నా పరువు తీసినందుకు థ్యాంక్స్. పటిక మా వీధి కిరాణా కొట్లోనే దొరికింది. దేనికి బాబూ, దిష్టికా అని అడిగారు.

తెనాలి_1976

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. ఫోటోలు ఇక్కడ పెట్టడం నాకు చేతకావట్లేదు, మాటల్లోనే చెబుతాను.

ఎనిమిదింట్లో ఐదు వచ్చాయి. మొదటి రెండూ, నాలుగోదీ పొగే. మూడోదాంట్లో మా చెల్లి, అన్నప్రాసన పీట మీద, ముందు పెట్టిన వస్తువులన్నీ వదిలేసి పీట అంచు కొరుకుతోంది. అయిదు, ఆరు, ఏడు సాగర్ ఎక్స్‌కర్షన్. ఒకదాంట్లో లాంచీ రేవు. ఒకదాంట్లో ముప్పై మంది పిల్లలు వరసగా, మాస్టారు చెప్పినట్టు ఒక్కడూ కళ్లు తెరిచి లేడు. అమ్మకి అందులో ఆరుగురి పేర్లు గుర్తొచ్చాయి. ఒకడు ఇప్పుడు తెనాలిలో మా పాత ఇంటికి నాలుగిళ్ల అవతలే ఉంటాడు. వాడికి వాట్సాప్‌లో పంపితే అరగంట సేపు ఫోన్లో మాట్లాడాడు, అందులో పది నిమిషాలు నాన్న కొట్టిన దెబ్బల గురించి.

ఎనిమిదోదే విచిత్రం. అది జంట బొమ్మ. వెనకాల డ్యాము, గేట్ల వరస, కింద నీళ్లు. ఆ నీళ్ల మధ్యలో మా నానమ్మ నవారు మంచం మీద కూర్చుని ఉంది. మంచం కోళ్లు రెండు నీళ్లలో, వెనకాల మా వసారా తలుపు గేట్లలో కలిసిపోయింది. దానికితోడు వెనక కాగితం మీది 8 అంకె నానమ్మ చెంప మీద లేతగా అచ్చు పడింది. పాత రీళ్లలో అలా అవుతుందని ఉప్పల్ తమ్ముడు చెప్పాడు. అమ్మ చూసి "ఆవిడ మంచం దిగి గుడికే రాదు, సాగర్ ఎప్పుడు వెళ్లింది?" అంది.

నాన్న లాంటి మనిషి తిప్పడం మరిచిపోయాడంటే నవ్వొచ్చింది.

మాచర్ల_పాతస్టూడియో

చాలా సంతోషం బాబూ. ఐదు వచ్చాయంటే గొప్పే. నేను మూడనుకున్నాను.

ఆ ఎనిమిదోది ఉప్పల్ అబ్బాయి నాకు విడిగా పంపాడు. మనవరాలి చేత పెద్దది చేయించుకుని చూశాను. అడక్కుండా ఉండలేకపోతున్నాను. నానమ్మ మసగ్గా ఉంది, వెనకాల తలుపు గడియ మాత్రం మేకులతో సహా కనబడుతోంది. అంటే తీసినవాడు నాలుగైదు అడుగుల దూరంలో ఉన్నాడు. మీ నాన్నగారు పది అడుగులు కొలిచే మనిషి. రెండోది, మంచం పట్టె పైభాగం కనబడట్లేదు, అంచు మాత్రమే కనబడుతోంది. అంటే కెమెరా మంచమంత ఎత్తులోనే ఉంది. మూడోది, డ్యాము గేట్లు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి, వసారా మాత్రం ఎడమకి ఒరిగింది. ఒకే నెగటివ్ మీద ఇద్దరి చేతులు కనబడుతున్నాయి నాకు. సాగర్లో తీశాక తిప్పకుండా పెట్టెలో పెట్టడం మాస్టర్లకి అలవాటే, మళ్లీ తీసే ముందు తిప్పుకుంటారు. రెండోసారి నొక్కినవాడికి తిప్పాలని తెలీదు.

1983లో మీకు ఎన్నేళ్లు?

తెనాలి_1976

ఏడు.

ఈ సంగతి ఇంట్లో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు మాస్టారూ. నాన్న స్కూలుకి వెళ్లిన టైము. పెట్టె తాళంచెవి నానమ్మ బొడ్లోనే ఉండేది.